పంపిన సంఘం మరచిపోకూడదు



మాచర్ల వైపు ఒక గ్రామానికి మన సంఘం పంపిన యౌవన దంపతులు మొన్న ఆదివారం ఆరాధనకు సత్తెనపల్లి వచ్చారు. ఆరాధన అయ్యాక చూస్తే ఆ చెల్లెలి వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "ఏమైందమ్మా?" అని అడిగాము. "మిరపకాయ కోతలకు పోతున్నానండి అయ్యగారూ. మంటగా ఉంటది, అలవాటైపోద్దిలెండి" అని నవ్వింది.

మాకు నోట మాట రాలేదు. వారిని పంపిన రోజు మనమందరం నిలబడి ప్రార్థించాము. నెలనెలా బియ్యం, ఇంటి అద్దె పంపుతామని మాటిచ్చాము. మూడు నెలలు పంపాము. నాలుగో నెలలో మందిరానికి రేకుల పని పడింది. ఐదో నెలలో ఎవరూ గుర్తు చేయలేదు. గుర్తు చేయవలసిన కాపరులము మేమే. ఆ తప్పు ముందుగా మాది.

ఫాదర్ హేయర్ అమెరికా నుండి 1842లో గుంటూరు వచ్చి, తరువాత మన పల్నాడులో గురజాలలో సేవ చేశారని మనం గొప్పగా చెప్పుకుంటాము. మంచిదే. అయితే సువార్త పనికి డబ్బూ మనుషులూ ఎప్పుడూ సముద్రం అవతల నుండే రావాలా? ఈ ప్రశ్న తిరునల్వేలి క్రైస్తవులు మనకంటే ముందే వేసుకున్నారు. 1903లో అజరయ్యగారు, ఆయన సహవాసులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు మన దేశస్థులే, డబ్బు మన సంఘాలదే, నడిపించేదీ మనవారే. అది వారి తీర్మానం. అలా తమిళ సంఘాల కానుకలతో తెలుగువారి మధ్య, దోర్నకల్‌లో పని మొదలైంది. 1909లో అజరయ్యగారే అక్కడికి తరలివచ్చారు. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. వెళ్లినవారి పేరు చరిత్రలో ఉంది. ఇంటి ఖర్చులో మిగిల్చి కానుక వేసిన తల్లుల పేర్లు దేవునికే తెలుసు.

ఫిలిప్పీ సంఘాన్ని చూడండి. పౌలు థెస్సలొనీకలో ఉన్నప్పుడు సహాయం పంపారు. ఆయన బంధకాల్లో ఉన్నప్పుడు మళ్లీ ఎపఫ్రొదితు చేత పంపారు. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకోలేదు.

ఆ చెల్లెలు ఇంకో మాట చెప్పింది. "చేలో పక్క సాలులో కోసే ఆడవాళ్లు, మా ఇంటికొచ్చి ప్రార్థన చెయ్యమ్మా అని అడుగుతున్నారండి." పౌలు కూడా డేరాలు కుట్టాడు. పని చేయడం సిగ్గు కాదు, అది కూడా పరిచర్యే. అయితే దేవుడు ఆమె కష్టాన్ని వాడుకున్నాడు కదా అని, మనం తప్పిన మాట ఒప్పు అయిపోదు.

అందుకే ప్రియులారా, రేపటి నుండి ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కన పెట్టండి. మా ఇంట్లో ఈరోజే మొదలుపెట్టాము. నెల మొదటి ఆదివారం మందిరానికి తెండి. ఆ మూట ఈసారి మేమే బస్సులో తీసుకెళ్లి వారి చేతికిస్తాము, క్షమించమనీ అడుగుతాము.

పంపిన సంఘానికి మరచిపోని మనసు ప్రభువు దయచేయును గాక. ఆమేన్.