ఐదింటికే సూర్యాస్తమయం

మేమిద్దరం అండమాన్‌లో ఉన్నాం. గడియారం మనదే, పొద్దు మాత్రం మనది కాదు. తూర్పున అంత దూరంలో ఉండడం వల్ల ఈ చలికాలంలో ఐదు దాటుతూనే సూర్యుడు దిగిపోతున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా ఆయనకి కునుకు పడాల్సిందే. "మీరు పడుకోండి, రాధానగర్ బీచ్‌కి నేనొక్కదాన్నే పోతా" అన్నాకే లేచారు.

నీల్ ద్వీపంలో అయితే పెత్తనమంతా సముద్రానిదే. లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న రాతి వంతెన చూడాలంటే ఆటు సమయానికే వెళ్లాలి. నీళ్లు వెనక్కి తగ్గాక పగడపు రాళ్ల గుంతల్లో పీతలు, చిన్న చేపలు, నల్ల వంకాయల్లా కదలక మెదలక పడున్న సీ కుకుంబర్లు. ఆయన ఒక్కో గుంత దగ్గరా కూలబడి చూస్తుంటే, పోటు మొదలవుతోందని గైడు కేకలు.

నాకు మాత్రం రాస్ ద్వీపమే మనసులో ఉండిపోయింది. బ్రిటిష్ దొరల పాలనా కేంద్రం అది. వాళ్ల బేకరీ, చర్చి, డ్యాన్సులాడిన హాలు అన్నీ ఇక్కడే. నీళ్లకవతల ఎదురుగా సెల్యులార్ జైలు! 1941 భూకంపం, మరుసటేడు జపాన్ వాళ్ల రాక, అంతే, దొరతనం ఖాళీ. ఇప్పుడు ఆ గోడలు చెట్ల వేళ్లవి, దారులు జింకలవి. అక్కడ జంటలు హృదయం గుర్తు పెట్టి ఫొటోలు దిగుతుంటే ఎందుకో నాకు నచ్చలేదు. (మేమూ దిగాం, గుర్తు లేకుండా.)

అన్నట్టు, పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు బాగానే వినిపిస్తోంది. ఆటో అబ్బాయి వాళ్ల తాతగారిది శ్రీకాకుళం వైపట. బేరం తెలుగులోనే ఆడాను, పైసా తగ్గించలేదు.