పెనుకొండ స్టేషన్ బోర్డులో ఎన్ని ఇంగ్లీషు పదాలున్నాయి?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంగ్లీషుకు భయపడి కాలేజీ మానేద్దామనుకుంటున్నవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్ల కోసమే రాస్తున్నా. నేనూ అట్ల మానేద్దామనుకున్నవాణ్ణే.

మాది పెనుకొండ దగ్గర సుగాలి తండా. ఇంట్లో గోర్ బోలి, బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. హిందూపురంలో డిగ్రీలో చేరినాక అన్నీ ఇంగ్లీషే. ఫస్టియర్‌లో ఒకరోజు నన్ను లేపి పాఠం చదవమన్నారు. ఒక పదం దగ్గర ఆగిపోయినా. ఆర్, హెచ్, వై, టి, హెచ్, ఎమ్. అందులో ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేదు. ఎట్ల పలకాలో తెలీక 'రైతం' అన్నా. క్లాసంతా నవ్వింది. అది 'రిథమ్' అని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పది రోజులు పొద్దున రైలెక్కి హిందూపురం పోయి, స్టేషన్లోనే కూర్చుని, సాయంత్రం ఇంటికి వచ్చేవాణ్ణి. మా యాడికి, అంటే అమ్మకు, చెప్పలేదు. బెంగళూరులో బిల్డింగ్ పనికి పోదామని మనసులో ఖాయం చేసుకున్నా.

ఆ స్టేషన్లోనే ధర్మవరం అన్న ఒకాయన పరిచయమైనాడు. ఎరుకల అన్న. బ్యాంకు పరీక్షలకు చదువుతూ, రైలు కోసం చూస్తూ పేపర్లో పదాల ఆట పూర్తి చేసేవాడు. "ఏమప్పా, రోజూ ఈడే కూర్చుంటావు, కాలేజీ లేదా?" అన్నాడు. జరిగింది చెప్పేసినా. ఆయన నవ్వలేదు, సలహా కూడా ఇవ్వలేదు. పెన్ను చేతిలో పెట్టి, "మీ స్టేషన్ పేరు ఇంగ్లీషులో రాయి. ఆ తొమ్మిది అక్షరాల్లో ఎన్ని పదాలు దాక్కున్నాయో చూడు. ఏ అక్షరం ఎన్నిసార్లుంటే అన్నిసార్లే వాడాల" అన్నాడు.

మొదట 'పెన్' కనిపించింది. తర్వాత ఓపెన్, డన్, పాండ్, పౌండ్. రైలు వచ్చేలోపు పదకొండు రాసినా. మరుసటి రోజు హిందూపురం బోర్డు. అందులో 'డ్రిప్' దొరికింది. మా చేన్లో డ్రిప్పు పైపులు నేనే పరిచినా, కానీ దాన్ని ఇంగ్లీషు పదమని ఎప్పుడూ అనుకోలే! ధర్మవరంలో పదకొండు అక్షరాలున్నా, వాటిలో అచ్చు ఒక్క ఎ మాత్రమే. డ్రామా, హార్మ్, మేడమ్ తీసేసరికి చానాసేపు పట్టింది. పెనుకొండలో ఎ, ఇ, ఓ, యు నాలుగూ ఉన్నాయి, అందుకే పదాలు తొందరగా దొరికినాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, మూడు బోర్డులు చూసి నేనే పట్టుకున్నా. ఆరోజు చానా రోజుల తర్వాత క్లాసుకు పోయినా.

స్క్రాబుల్ ఆట గురించి చెప్పింది కూడా ఆ అన్నే. దాన్ని తయారుచేసింది అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆయన. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్. పేపర్ల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కబెట్టి బిళ్లలు, పాయింట్లు పెట్టినాడు. ఎక్కువగా వచ్చే 'ఇ'కి 12 బిళ్లలు, ఒక్కో దానికి ఒక్క పాయింటే. క్యూకి ఒకటే బిళ్ల, 10 పాయింట్లు. మేము హాస్టల్లో పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి 100 బిళ్లలు చేసుకున్నాం.

ఆడగా ఆడగా నాకు తెలిసినవి ఇవి. ముందు అచ్చులు పక్కకు తీసుకోండి. అవి లేకపోతే 'వై' కోసం చూడండి, రిథమ్‌లో ఆ పని చేసేది అదే. క్యూ ఉంటే దాని పక్కన యు వెతకండి. యు లేకపోతే 'క్యూ, ఐ' రెండక్షరాలే ఒక పదం, చైనా భాషలో ప్రాణశక్తి అని. సి-హెచ్, టి-హెచ్, సి-కె జంటలు కలిపి చూడండి. చివర్లో ఇ-ఆర్, ఇ-డి, ఐ-ఎన్-జి పెట్టి చూస్తే ఒక పదం మూడు నాలుగవుతుంది. అక్షరాలు కొడితే పదాలన్నీ చూపించే సైట్లున్నాయి. వాటిని చివర్లో తెరవండి. ముందే చూస్తే ఒక్కటీ గుర్తుండదు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాల. సెకండియర్‌కు నా నోట్‌బుక్కులో వందల పదాలు చేరినాయి. సెమినార్‌లో నిలబడితే రెండు వాక్యాలు కూడా రాలేదు. ఎందుకంటే సగం పదాలకు నాకు అర్థం తెలీదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ, 2024లో స్పానిష్ పోటీ గెలిచినాడు, ఆ భాషలు మాట్లాడటం రాకుండానే! ఆయనకు ఆట చాలు. మనకు ఉద్యోగం కావాల, ఆఫీసులో, ఆస్పత్రిలో మన పని మనమే చెప్పుకోవాల.

అందుకే నోట్‌బుక్కులో మూడు గళ్లు గీసినా. ఇంగ్లీషు, తెలుగు, గోర్ బోలి. పెనుకొండ బోర్డులోనే ఇంకో పదం ఉంది. కె, ఎన్, ఇ, ఎ, డి. 'నీడ్' అని పలుకుతారు, మొదటి కె పలకదు. పిండి పిసకడం అని అర్థం. అది చదివినప్పుడు బాటి కోసం జొన్నపిండి పిసికే మా యాడి చేతులు కళ్లముందుకొచ్చినాయి. ఆ పదాన్ని బట్టీ పట్టే పనే పడలేదు.

ఇంకోరోజు డిక్షనరీలో 'బ్యాండికూట్' చూసినా. అది మన పందికొక్కే! తెలుగు నుంచి పోయి ఇంగ్లీషులో కూర్చుంది. చేన్లో తిరిగే పందికొక్కు అంత దూరం పోయిందంటే, క్లాసులో నవ్వారని నేనెందుకు ఆగిపోవాలా అనిపించింది.

ఇప్పుడు నేను ఫైనలియర్. ఇంగ్లీషు పూర్తిగా వచ్చిందని చెప్పను. తప్పులు పోతాయి, అయినా లేచి చదువుతా.

చివరిగా మీకొక పని. మా ఊరి బోర్డు మీద ఉండే తండా అనే పదం తీసుకోండి. టి, హెచ్, ఎ, ఎన్, డి, ఎ. అందులో 'హ్యాండ్' ఉంది, మనం రోజూ రీచార్జ్ చేసుకునే 'డేటా' కూడా ఉంది. ఇంకా ఏమేం ఉన్నాయో వెతికి, అర్థం మీ ఇంటి భాషలో కూడా రాసి కింద పెట్టండి. ఎరుకల, యానాది, చెంచు, సుగాలి, ఎవరి మాట వాళ్లు రాయండి. తప్పు రాసినా ఇక్కడ ఎవరూ నవ్వరు.