జడలకు తలంటు

జమైకా రస్తఫారీలు పెంచే జడలకు డ్రెడ్‌లాక్స్ అని పేరు. 1930 నవంబరు 2న ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషేకం జరిగిన హైలే సెలాసీలో దేవుణ్ని చూసిన పేద నల్లవారి మతం వాళ్లది. మొదట్లో వాళ్లందరికీ జడలు లేవు, గడ్డాలే గుర్తు. 1940ల చివరి నుంచి కింగ్‌స్టన్ పేటల కుర్రకారు తలకు దువ్వెన తగలనివ్వడం మానేసింది. మొక్కుకున్నవాడి తలమీద మంగలికత్తి పడరాదన్న బైబిల్ సంఖ్యాకాండం ఆరో అధ్యాయం వాళ్లకు ఆధారం. కెన్యా అడవుల్లో తెల్లదొరలతో పోరాడిన మౌమౌ యోధుల ఫొటోలు చూసి పెంచారని కొందరంటారు. 1845 నుంచి జమైకా చెరుకుతోటలకు వెళ్లిన భారతీయ కూలీల వెంట సాధువుల జటలూ ఓడెక్కాయని ఇంకొందరి వాదన. గంజాయి పేరు మాత్రం ఆ కూలీలతోనే వెళ్లింది. జటల సంగతి అంత తేలిగ్గా తేలదు.

తేల్చాల్సింది మరొకటుంది: ఈ తలలకు నీళ్లు తగలవన్న అపవాదు. తెలుగులోనూ జుట్టు జడలు కట్టిందంటే ఆలనాపాలనా లేదనే అర్థం. మనిషి తలనుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. దువ్వితే దువ్వెనకు వస్తాయి. దువ్వకపోతే, అందునా సుడులు తిరిగే ఆఫ్రికా జుట్టులో, పక్కవాటితో పెనవేసుకుని ఉండిపోతాయి. జడంటే అదే, ఏళ్ల తరబడి రాలిన జుట్టంతా అందులోనే దాగి ఉంటుంది. పైగా జిడ్డు జుట్టు జారిపోతుంది, శుభ్రమైన జుట్టే గట్టిగా ముడిపడుతుంది. తలంటు తప్పించుకున్నవాడికి మంచి జడలు కట్టవన్నమాట! కష్టమల్లా ఆరబెట్టుకోవడంలోనే. లోపల తడి నిలిస్తే ముక్కిన వాసన. త్వరగా కట్టాలని పూసే మైనం మరీ దండగ, జడలో చేరిందంటే ఓ పట్టాన వదలదు.

మురికి మాట ఎత్తినవాళ్ల చేతిలో కత్తెర కూడా ఉండేది. 1963లో జమైకాలోని కోరల్ గార్డెన్స్‌లో జరిగిన ఘర్షణ తరువాత పోలీసులు రస్తఫారీలను పట్టుకుని జడలు కోసేశారు. అందుకు 2017లో ప్రధాని ఆండ్రూ హోల్నెస్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ మరుసటి ఏడే కింగ్‌స్టన్ దగ్గరి ఓ బడి, జడలు కోయిస్తేనే చేర్చుకుంటామని అయిదేళ్ల పాప తల్లిదండ్రులకు చెప్పింది. కారణం శుభ్రత, పేలు. వాళ్లు కోర్టుకెక్కితే, 2020లో సుప్రీంకోర్టు పాప హక్కులకు భంగం కలగలేదంది. 2024లో, అక్కడ సుప్రీంకోర్టుకు పైదైన అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఈలోగా పాప మధ్యంతర ఉత్తర్వు మీద, జడలతోనే, బడికి వెళ్లివచ్చింది.