గోడమీది ఇల్లు

ఏటా ఆగస్టు 29న మా కళాశాలలో గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి జరుగుతుంది. ఉపన్యాసం చెప్పే వంతు నాది. పదహారేళ్ళ నుంచీ ఒకే ఉపన్యాసం, కాస్త అటూ ఇటూ మార్చి చెబుతున్నాను. పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకోవడం, సొంత డబ్బు ఖర్చుపెట్టి వాళ్ళ పిల్లలకు చదువు చెప్పించడం, కొండల్లో పట్టుకొన్న మలేరియాకు కొయినా మింగి మింగి వినికిడి పోగొట్టుకోవడం, 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించడం... ఇక్కడికి వచ్చేసరికి నా గొంతు కాస్త గద్గదమవుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడితో సరి.

రెండేళ్ళ క్రితం ఉపన్యాసం అయ్యాక ఒక కుర్రవాడు వరండాలో నన్ను ఆపాడు. మా బి.ఏ. విద్యార్థే. సవర పిల్లవాడు. క్లాసులో చివరి బెంచీలో కూర్చుని నోరు విప్పని రకం.

"మాస్టారూ, మీరు మా కొండకి ఎప్పుడేనా వచ్చేరా?" అన్నాడు.

అందులో వెటకారం ఏమీ లేదు. మామూలుగానే అడిగాడు. కాని నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్లయింది. ఉన్న ఊరు శ్రీకాకుళం. పొద్దున్నే బస్సెక్కితే భోజనాల వేళకు ముందే చేరే చోటు. పదహారేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు!

ఆ సంక్రాంతి వెళ్ళాక అతనితో కలిసి బయలుదేరాను. పాలకొండ దాటేవరకూ అన్నీ ఎరిగిన పొలాలే. ఆ తరువాత రోడ్డు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సీతంపేట 2022 వరకు మా శ్రీకాకుళం జిల్లాలోదే. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అన్నారు. బస్సు దిగేసరికి సంత సందడిగా ఉంది. కొండచీపుళ్ళు, పసుపు, చింతపండు, అడ్డాకులు గుట్టలుగా పోసి ఉన్నాయి. బేరమాడే షావుకార్లు మన కిందివాళ్ళు, తలవంచుకుని అమ్మేవాళ్ళు కొండవాళ్ళు. పంతులుగారి కాలంలో కూడా ఇదే దృశ్యం అయి ఉంటుంది కాబోలు. తక్కెడ బదులు ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, అంతే.

అక్కడినుంచి ఆటో కొంత దూరం, నడక కొంత దూరం. ఊరి పేరు చెప్పను. చిన్న ఊరు, పేరు చెబితే ఇళ్ళు కూడా తెలిసిపోతాయి.

ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్య వీధి. కుర్రవాడి ఇల్లు వరసలో చివరది. ఎత్తయిన అరుగు, మట్టి గోడలు, వంగితేగాని దూరలేని గుమ్మం. కిటికీ అన్నది లేదు. లోపలికి వెళ్ళి నిలబడ్డాక చీకటికి కళ్ళు అలవాటు పడడానికి చాలాసేపే పట్టింది.

అప్పుడు గోడ కనిపించింది.

ఎర్రమట్టి పూసిన గోడమీద తెల్లని గీతలు. చుట్టూ నాలుగు పక్కలా అంచు కట్టి ఉంది. లోపల వరసలు వరసలుగా మనుషులు, గుర్రాలు, ఏనుగు, నెమలి, చెట్టెక్కిన కోతులు, పైమూల సూర్యుడూ చంద్రుడూ. గుర్రంమీద ఒక మనిషి, అతనికి గొడుగు పట్టినవాడొకడు. కింద, నమ్మండి నమ్మకపోండి, ఒక మోటారు సైకిలు. గోడ ముందు దూలానికి చిన్న కుండ వేలాడుతున్నది.

బొమ్మ చాలామట్టుకు మాసిపోయింది. ఒక మూల పొగపట్టి నల్లబడింది. "దీన్ని మళ్ళీ దిద్దించకూడదుటోయ్?" అన్నాను. "అలా దిద్దకూడదు మాస్టారూ," అన్నాడు కుర్రవాడు. అంతకంటే వివరం అప్పుడు చెప్పలేదు.

ఇంతలో వాళ్ళ నాయనమ్మ వచ్చింది. ముఖాన పచ్చబొట్టు, సాగిన చెవితమ్మెలు. తెలుగు వచ్చును, మన శ్రీకాకుళం తెలుగే. ఆమె గీసేది కాదట కాని, చిన్నప్పటినుంచీ గీసేవాళ్ళ పక్కన కూర్చుని బియ్యప్పిండి నూరి ఇచ్చిన మనిషి. నేను ఉత్సాహం కొద్దీ సంచీలోంచి తెల్లకాగితమూ, స్కెచ్ పెన్నూ తీసి, "ఏదీ, ఇందులో నీకు వచ్చినట్టు ఒక బొమ్మ వెయ్యమ్మా, నా దగ్గర దాచుకుంటాను," అన్నాను.

ఆమె కాగితం అందుకోలేదు. నా ముఖం కేసి చూచి, "ఎవులికి రాయాల బాబూ? మీ ఇంట్లో ఎవులికి బాగులేదు?" అన్నది.

నేను తెల్లబోయాను.

తరువాత అరుగుమీద కూర్చుని ఆమె కొంతా, మనవడు కొంతా చెప్పగా తెలిసింది. ఈ బొమ్మను సవర భాషలో 'ఇడితాల్' అంటారు. ఇది అలంకారానికి వేసేది కాదు. ఇది ఇల్లు. చుట్టూ కట్టిన అంచు ఆ ఇంటి గోడలు. చనిపోయిన పెద్దలో, కొండమీది శక్తులో - వాళ్ళ మాటల్లో 'సోనుం' - వచ్చి ఉండడానికి కట్టి ఇచ్చే ఇల్లు. ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గదు. లేదా పంట సరిగా రాదు, కాన్పు కష్టమవుతుంది. అప్పుడు 'కుడన్'ను, అంటే పూనకంలో సోనుంతో మాట్లాడగల పూజారిని పిలుస్తారు. ఎవరు అలిగారో, ఏం కావాలంటున్నారో అతను చెబుతాడు. ఇల్లు కావాలంటే గోడకు ఎర్రమట్టి పూస్తారు. వెదురుపుల్ల చివర నలగ్గొట్టి కుంచె చేసుకుని, బియ్యప్పిండిలో ముంచి గీస్తారు. ముందు అంచు కట్టి, ఆ తరువాతనే లోపల నింపుతూ వస్తారు. గీసేవాడు కుడనే కానక్కరలేదు, చెయ్యి తిరిగినవాడైతే చాలు. బొమ్మ పూర్తయ్యాక బియ్యం, సారా పెట్టి, కుడన్ ఆ సోనుంను పేరు పెట్టి పిలుస్తాడు: ఇదిగో నీ ఇల్లు, ఇదిగో నీ గుర్రం, నీ నౌకర్లు, వచ్చి ఉండు, పిల్లల జోలికి రాకు అని.

మోటారు సైకిలు సంగతి అప్పుడు అర్థమయింది. అది వాళ్ళ తాతది. బతికుండగా కాదు, చనిపోయాక ఇచ్చినది. పెద్దలు నడిచి తిరగకూడదు గదా! వెరియర్ ఎల్విన్ 1950ల నాటి తన గ్రంథాల్లోనే సవర గోడలమీద సైకిళ్ళూ, రైళ్ళూ, విమానాలూ ఉన్నాయని రాశాడు. కొండకింద దొరలు దేంట్లో తిరిగితే కొండమీది పెద్దలకు అది అమరాలి. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. మన వైపు సంక్రాంతికి పెద్దల పేర కొత్త బట్టలు పెట్టడం లేదూ? మా నాన్నగారికి ఫలానా అంచు పంచెలే ఇష్టమని మా ఆవిడ ఇప్పటికీ వెతికి మరీ తెస్తుంది.

ఇంకొక్క మాట నన్ను పట్టుకుంది. సవర భాషలో 'ఇడ్' అంటే రాయడం. బొమ్మ గీయడమన్నా అదే మాట. ముసలామె "రాయాల" అన్నది అందుకే. నేను తెలుగు మేష్టారిని, పరాయి విషయమని ఆశ్చర్యపోనక్కరలేదు. మన కవులూ చిత్తరువును 'వ్రాశారు' కాని గీయలేదు. ఆ మాట మనం పోగొట్టుకున్నాం. వాళ్ళు ఉంచుకున్నారు. ఒడిశా వైపు సవరలయితే 1936లో మంగెయి గొమాంగొ తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే లిపిని కల్పిస్తే, ఆ అక్షరాలను గుడి కట్టి పూజిస్తున్నారు. విచిత్రం చూడండి, పర్లాకిమిడి ఒడిశాలోకి పోయిందన్న బాధతో పంతులుగారు ఆ ఊరు విడిచిపెట్టినదీ ఆ సంవత్సరమే.

ఇక అసలు సంగతి. ఇంటి పక్కనే సిమెంటు ఇల్లు లేస్తున్నది. గృహనిర్మాణ పథకం కింద వచ్చినది. శ్లాబు పడింది, గోడలు అయ్యాయి. పాత ఇంటి కప్పు ఇంకో రెండు వానలకు మించి ఆగదు. అది కూలితే గోడ నానుతుంది. గోడ పోతే ముసలాయన ఎక్కడుంటాడు?

కొత్త గోడమీద కొత్త ఇల్లు రాసి, పిలవాలి. రాయడానికి మనవడు ఉన్నాడు. పిలవడానికి కుడన్ లేడు. ఊళ్ళో చివరి కుడన్ పోయి చాలా ఏళ్ళయింది. ఒడిశా వైపునుంచి తేవాలి. అక్కడా తగ్గిపోతున్నారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లీషు పండితుడు 1970ల నుంచీ అటు సవర గ్రామాల్లో ఉండి, బతికినవాళ్ళు చనిపోయినవాళ్ళతో చేసే సంభాషణల మీద 1993లో ఒక పుస్తకం రాశాడు; పడుచువాళ్ళు క్రైస్తవులై ఆ సంభాషణలు ఎలా ఆగిపోయాయో 2017లో ఇంకొకటి రాయవలసివచ్చింది. మా కుర్రవాడి పినతండ్రి కూడా చర్చిలో చేరి తన ఇంటి గోడకు సున్నం వేయించాడు. ఆయన మీద వీళ్ళకు కోపం లేదు. ఆయనకు మేకలు కోసే ఖర్చు తప్పింది, కొడుకు చదువుకున్నాడు. ముసలామె మాత్రం కొడుకింటికి వెళ్ళినప్పుడు ఆ గోడకు వీపు పెట్టి కూర్చోదట.

ఇటు మనవడు ఏం చేస్తున్నాడో చెప్పాలి. బట్టమీద, కాగితం మీద ఇవే బొమ్మలు గీసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నాడు. కాలేజీ ఫీజు అందులోంచే కట్టాడు. 2024 జనవరిలో ఒడిశాలోని లాంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చాక కొనేవాళ్ళు పెరిగారన్నాడు. వచ్చినవాళ్ళలో సగంమంది "వర్లీయేనా?" అని అడుగుతారట. కాదని చెప్పి చెప్పి విసిగిపోయాడు. వర్లీ మనిషి రెండు త్రికోణాలు మొనలు కలిపినట్లుంటాడు. సవర మనిషికి అంత పదును ఉండదు, పైగా ఇక్కడ అంచు ముందు.

నాకు ఒక అనుమానం వచ్చింది. "మరి నువ్వు అమ్మే బొమ్మల్లోకి ఎవరూ రారుటోయ్?" అన్నాను.

"పిలిస్తే కదా మాస్టారూ వచ్చేది. అవి ఖాళీ ఇళ్ళు," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక బట్ట నాకిచ్చాడు. డబ్బు పుచ్చుకోమంటే పుచ్చుకోలేదు. ఆ బట్ట ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు బాగుందంటారు. నేనూ అవునంటాను.

నేను బయలుదేరేముందు చూచిన దృశ్యం ఒకటి మిగిలింది. ముసలామె కొత్త ఇంట్లో ఒక గోడకు ఎర్రమట్టీ పేడా కలిపి అలుకుతున్నది. తాపీమేస్త్రి చూచి, సిమెంటు మీద మట్టి పట్టదని నవ్వాడట. అంతకుముందు రెండుసార్లు అలికితే ఆరి పెచ్చులు పెచ్చులుగా రాలిందట. ఇది మూడోసారి. ఈసారి గోడను మేకుతో గరుకుగా గీకించి, మట్టిలో ఊక కలిపింది.

మొన్న ఆగస్టులో జయంతి ఉపన్యాసం చెప్పమని ఆ కుర్రవాడికే ఫోన్ చేశాను. ఇప్పుడతను డిగ్రీ పూర్తిచేసి ఊళ్ళోనే ఉన్నాడు. వస్తానన్నాడు. మాటల్లో, "మట్టి నిలిచిందా?" అని అడిగాను.

"మూల ఒకటి రాలింది మాస్టారూ. మిగతాది ఉంది. కోతలయ్యాక గుణుపురం వైపు ఒక కుడన్ ఉన్నాడంటే వెళ్ళి చూసి రావాలి," అన్నాడు.

"నాయనమ్మ ఎలా ఉంది?" అన్నాను.

"పాత ఇంట్లోనే పడుకుంటంది," అన్నాడు.