దాపటి యెద్దు

గడచిన వేసవిలో బాల్కొండయందు మా చెల్లెలింట నాలుగు దినములుంటిని. నా మేనకోడలికి పదకొండేండ్లు. దాని అన్న చదువునకై హైదరాబాదు పోవుచు తన రిమోటు కారును చెల్లెలికి విడిచిపోయెను. అది వట్టి ఆటబొమ్మ కాదు. విప్పి బిగించుకొనదగిన యంత్రము. వాకిట వదలినంతనే యది యెడమకు లాగి తులసికోటకు కొట్టుకొనుచుండెను. ఆడపిల్ల చేతికి యంత్రమిచ్చిన నింతేయని మా బావగారు నవ్విరి. వారి తల్లి దిష్టి తగిలినదని నిమ్మకాయ వెదకెను.

నేనును వివేకినేమియు కాను. రిమోటుమీద ట్రిమ్ అను చిన్న మీట కలదు. దానిని కుడికి నాలుగు నొక్కులు నొక్కగా కారు తిన్నగా సాగెను. చేయి కుదుర్చుకొని నడుపుట నేర్చుకొమ్మని పిల్లకు హితవు చెప్పి, పత్రిక చేతబట్టితిని.

మరునాటి యుదయమున పిల్ల చక్రములకు తడిముగ్గు పూసి, కారును రెండు ప్రక్కలకును పూర్తిగా తిప్పి, నేలపై వలయములు తీయించినది. "మామా, ఎడమకు చిన్న గుండ్రం, కుడికి పెద్ద గుండ్రం వస్తున్నది. నా చెయ్యి తప్పైతే రెండూ ఒక్కతీరు ఎట్ల తప్పుతయి?"

నాకు సమాధానము దొరకలేదు. ట్రిమ్ దోషమును దిద్దలేదు, కప్పిపుచ్చినది. ఎడమకు తిరిగియున్న చక్రమునకు సరిపోవునట్లు నడిమి స్థానమునే కుడికి జరిపితిని. కావున కుడికి తిరుగుటకు మిగిలిన చోటు తగ్గినది.

నా బాల్యము బోధను చేరువ పల్లెలో గడచెను. 1937లో నెలకొల్పబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమునకు ఆ త్రోవల చెరకుబండ్లు పోవుచుండెడివి. మా వాడలోని యొక బండి ఎల్లప్పుడు ఎడమకు లాగుచుండెను. బండివాడు దాపటి యెద్దు సోమరియని దానినే కొట్టుచుండెను. ఇరుసు కొన అరిగి చక్రము వాలి యీడ్చుచున్నదని వడ్రంగి చూపునప్పటికి దాని వీపున వాతలు తేలియుండెను.

పత్రిక మడిచి లేచితిని. మొదట ట్రిమ్మును సున్నకు తెచ్చితిమి. నేల వాలేమోయని ఎదురుదిక్కునుండి నడిపితిమి. అప్పుడును కారు తన యెడమకే లాగెను. పైకెత్తి చక్రములను వ్రేలితో త్రిప్పితిమి, ఏదియు పట్టుకొనలేదు. పిమ్మట వెనుక చక్రమునుండి ముందు చక్రమునకు దారము బిగించి రెండు ప్రక్కలను పోల్చితిమి. ముందరి యెడమ చక్రము బయటకు చూచుచుండెను. దాని టైరు లోపలి యంచు మాత్రమే అరిగియుండుట పిల్లయే కనిపెట్టినది. ముందు చక్రములు రెండును సమముగా రవ్వంత లోనికి చూచుట కొన్ని కార్లకు మేలేగాని, ఒకటి మాత్రము త్రోవ విడుచుట చెల్లదు. చక్రములను త్రిప్పు కడ్డీలు రెండింటి పొడవును సమముగా లేదు. అన్న విప్పి బిగించినప్పుడే యిది జరిగియుండవచ్చును. అతని పనితనమును మాత్రము ఇంట నెవరును శంకించి యెరుగరు.

పట్టుకారు పిల్లకే యిచ్చితిని. సగము మర త్రిప్పుట, దారముతో చూచుట, మరల సగము. గంట పట్టినది. నడుమ రెండుమారులు నా చేయి ముందుకు పోయినది, వెనుకకు తీసికొంటిని.

సాయంకాలము మా బావగారు వాకిట నిలిచి, కారు తిన్నగా పోవుట చూచి, "ఎప్పుడు బాగుచేసినారు?" అని నన్నడిగిరి. పిల్ల తల యెత్తలేదు. రెండవ వలయమును జానలతో కొలుచుచుండెను.