నెక్కొండ ఓటు

వరంగల్లు స్టేషనులో ప్యాసింజరు బండి ఎక్కి, కిటికీ పక్కన చోటు దొరికించుకుని, ఒక పొట్లం పల్లీలు కొనుక్కుంటే చింతలపల్లి, ఎలుగూరు దాటేసరికి పొట్లం ఖాళీ అవుతుంది. ఆ తరువాత వచ్చేదే నెక్కొండ. నిజాం కాలపు రైలుమార్గం 1886లో వరంగల్లు చేరి, 1889లో బెజవాడను అందుకుంది. ఆ దారిలో పడడం వల్ల నెక్కొండకు రైలు దక్కింది. తాలూకా కచ్చేరీ, నియోజకవర్గానికి పెట్టిన పేరూ మాత్రం రైలు లేని నర్సంపేటకు దక్కాయి.

"పేరు వాళ్ళది, ఓటు మనది" అన్నాడు స్టేషను ఎదుట చాయ్ కొట్టు యజమాని, గ్లాసు నా ముందు పెడుతూ.

మొన్న ఒక పెళ్ళికని ఆ ఊరు వెళ్ళాను. భోజనాలైన తరువాత సాయంత్రం బండి దాకా నాలుగు గంటల పొద్దు మిగిలింది. నెక్కొండలో చూడవలసిన కోట లేదు, గోపురం లేదు. అంగట్లో మిరప ఘాటు, పత్తి మూటలు, ఎరువుల దుకాణాలు, వాటి మధ్య హారన్ మోగించుకుంటూ పోయే ఆటోలు. పాకాల చెరువు చూద్దామంటే అది నర్సంపేట అవతల ఖానాపురం వైపు ఉంది. కాకతీయుల నాటి ఆ చెరువు చూడడానికి నాలుగు గంటలు చాలవు. అసలు నేను పెళ్ళికి ఒప్పుకున్నది మరొక పని మనసులో పెట్టుకునే. 2014 ఏప్రిల్ 30న ఈ ప్రాంతంలోని ఒక పల్లెలో ప్రిసైడింగు అధికారిగా పనిచేశాను. ఆనాడు జరిగిన ఒక సంగతి నన్ను ఇన్నేళ్ళుగా వదలలేదు. అది చెప్పాలంటే ముందు ఇక్కడి ఓటు కథ కొంత చెప్పాలి.

హైదరాబాదు రాష్ట్రంలో వయోజనులందరికీ ఓటు మొదట అందింది 1952 ఎన్నికల్లో. కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉండడం వల్ల ఆ పార్టీవారు ప్రజాస్వామ్య ఫ్రంటు పేరిట నిలబడ్డారు. వరంగల్లు లోక్‌సభ స్థానానికి పెండ్యాల రాఘవరావుగారు ఆ పక్షాన, మా తెలుగు పంతుళ్ళకు ఆరాధ్యుడైన కాళోజీ నారాయణరావుగారు కాంగ్రెసు పక్షాన పోటీ చేశారు. కాళోజీ ఓడిపోయారు. రాఘవరావుగారు ఆ స్థానంతో బాటు హనుమకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాలను కూడా ఒక్కమారే గెలిచారు. క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు. కవి ఓడడం కాదు, ఒక్క మనిషి ఒక్కసారే మూడు చోట్ల గెలవడం వాళ్ళకు వింత!

చాయ్ కొట్టు బల్ల మీద నా పక్కన ఒక రిటైర్డు సారు కూర్చున్నారు. నేను కాలేజీలో తెలుగు చెబుతానని తెలియగానే ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"మా దగ్గర గాలి పని చెయ్యదు సార్. మనిషిని చూస్తం" అన్నారు.

"అందరూ అట్లానే అంటారు గదండీ" అన్నాను.

"లెక్క చెప్తా, వినండి."

ఆయన లెక్క మద్దికాయల ఓంకారుతో మొదలైంది. తెలంగాణా సాయుధ పోరాటంలోనుంచి వచ్చిన ఆ మనిషి 1972లో నర్సంపేట నుంచి శాసనసభకు వెళ్ళి 1994 దాకా తిరిగిరాలేదు. వరుసగా ఐదు ఎన్నికలు. మొదట మార్క్సిస్టు పార్టీ మనిషి. 1980లలో ఆ పార్టీతో విడిపోయిన తరువాత కూడా జనం ఆయన్ను వదలలేదు. 1983లో రామారావు గాలి, 1985లో మరింత ఉద్ధృతంగా అదే గాలి, 1989లో కాంగ్రెసు గాలి. మూడుసార్లూ నర్సంపేట ఓంకారునే పంపింది. శాసనసభలో ఆయన లేచి నిలబడితే మంత్రులు కాగితాలు సర్దుకునేవారట. ‘అసెంబ్లీ టైగర్’ అనే పేరు ఊరికే రాలేదు. 2008లో మరణించారు.

1994లో తెలుగుదేశం తరఫున రేవూరి ప్రకాశరెడ్డి గెలిచి ఆ ఇరవై రెండేళ్ళ కథకు తెర దించారు. 1999లోనూ ఆయనే. 2004లో కంభంపాటి లక్ష్మారెడ్డి. 2009లో రాజశేఖరరెడ్డిగారి కాంగ్రెసు రాష్ట్రాన్ని మళ్ళీ గెలుచుకుంటే ఇక్కడ మళ్ళీ రేవూరి. 2014లో తెలంగాణ వచ్చిన ఊపులో దొంతి మాధవరెడ్డి కాంగ్రెసు టిక్కెట్టు దక్కక స్వతంత్రుడుగా నిలిచి గెలిచారు.

"మరి 1994లో తెలుగుదేశం గాలే గదా? 2018లో పెద్ది సుదర్శనరెడ్డి గెలిచింది తెలంగాణ రాష్ట్ర సమితి గాలిలోనే. 2023లో మాధవరెడ్డి తిరిగి వచ్చింది కాంగ్రెసు గాలిలోనే" అన్నాను.

సారు కాస్త ఆలోచించి, "గాలి మా దిక్కు వచ్చిందనుకోరాదు?" అన్నారు. ఇద్దరమూ నవ్వుకున్నాము.

నిజానికి గాలికి ఎదురు తిరగడం ఒక్క నర్సంపేట సొత్తు కాదు. ఈ నర్సంపేటకు పక్కనే ఉన్న లక్నేపల్లిలో 1921లో పుట్టిన పి.వి. నరసింహారావుగారు హనుమకొండ లోక్‌సభ స్థానం నుంచి 1977లోను, 1980లోను గెలిచారు. 1984లో ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతా కాంగ్రెసును నెత్తిన పెట్టుకున్న ఎన్నికల్లో అదే హనుమకొండ ఆయన్ను యాభైవేలకు పైగా ఓట్లతో ఓడించింది. గెలిచిన చందుపట్ల జంగారెడ్డిగారు, గుజరాతులో మెహసానా నుంచి గెలిచిన మరొకరు, వీరిద్దరే ఆనాటి లోక్‌సభలో భారతీయ జనతా పార్టీ సభ్యులు. పి.వి.గారు అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేసి గెలవబట్టి పార్లమెంటులో నిలిచారు. 1991లో ప్రధాని అయ్యారు. ఆ హనుమకొండ లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనలో మాయమైంది. అదే పునర్విభజన నెక్కొండ, చెన్నారావుపేట, నర్సంపేట, ఖానాపురం, నల్లబెల్లి, దుగ్గొండి మండలాలను ఒక్క శాసనసభ స్థానం కింద చేర్చి, లోక్‌సభకు మహబూబాబాదుతో ముడివేసింది.

నేను ఉండేది హనుమకొండలో. మా ఓటు వరంగల్లు పశ్చిమంలో. మా కాలనీలో పొద్దున్నే నడకకు వచ్చేవారి రాజకీయ పరిజ్ఞానం చూస్తే ముచ్చటేస్తుంది. పోలింగునాడు మాత్రం సెలవు గదా అని సగంమంది ఇల్లు కదలరు. ఇక్కడ మంచం పట్టిన ముసలివాళ్ళు సైతం ఆటోల్లో దిగుతారు.

అట్లా దిగినదే ఆ అవ్వ.

మధ్యాహ్నం మూడు దాటింది. బడి వరండాలో వరుస చాంతాడంత ఉంది. ఎనభై దాటిన అవ్వ, చేతికర్ర, పక్కన మనుమడు. కళ్ళు సరిగా ఆనవట. చూపు లేనివారికి తోడు రావచ్చునని నిబంధన ఉంది. ఆ తోడుకు పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. కుర్రవాణ్ణి అడిగాను. "ఇంక మూడు నెల్లయితే నిండుతయి సార్" అన్నాడు నిజాయితీగా. అబద్ధమాడి ఉంటే నాకంత బాధ ఉండేది కాదు! మరొకరెవరైనా ఉన్నారా అంటే కొడుకూ కోడలూ హైదరాబాదులో కూలికి పోయారట. ఏజెంట్లు ముగ్గురూ "నేను పోతా" అంటే "నేను పోతా" అని లేచారు. అవ్వ వాళ్ళ వంక చూసి, "మీరెవ్వలు వద్దు" అంది. నేను పోవడానికి వీలే లేదు. కుర్రవాణ్ణి బయటికి పంపించాను. అట్టతో చేసిన నమూనా పెట్టె అవ్వ చేతికిచ్చి, మీట ఎట్లా నొక్కాలో వేలు పట్టి చూపించాను. ఆ ఏడాది రెండు ఓట్లు: ఒక యంత్రం ఢిల్లీకి, ఒకటి హైదరాబాదుకు. రెండుసార్లు కూత వినబడాలని చెప్పాను.

అట్టల మరుగుకు వెళ్ళింది. కాసేపటికి ఒక కూత వచ్చింది. రెండోది రాలేదు.

ఒక నిమిషం గడిచింది. రెండయ్యాయి. ఆ ఓటు పడితేనే గాని యంత్రం మరొకరికి తెరుచుకోదు. వరుసలోనుంచి కేకలు మొదలయ్యాయి. "సారూ, లోపలికి పోయి చూపియ్యండి" అన్నాడొక ఏజెంటు. "పోతే ఊకునేది లేదు" అన్నాడు రెండోవాడు. నేను దూరంగా నిలబడి, "అవ్వా, పక్క పెట్టె మీద కూడా నొక్కాలి" అన్నాను.

లోపలినుంచి గొంతు వచ్చింది. "ఓంకారు ఏడున్నడు బిడ్డా?"

గది గదంతా మాట పడిపోయింది. ఓంకారు పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ మాట చెప్పడం ప్రచారమవుతుందా, కాదా? నాకిచ్చిన పుస్తకంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఏజెంట్లలో పెద్దవాడొకడు, ఏ పార్టీవాడో చెప్పను, నెమ్మదిగా, "ఓంకారు సారు చనిపోయిండవ్వా" అన్నాడు. మిగతా ఇద్దరూ అభ్యంతరం చెప్పలేదు.

చాలాసేపు చప్పుడు లేదు. వరుస కూడా ఎందుకో మౌనమైంది. తరువాత కూత వినబడింది. అవ్వ బయటికి వస్తూ గడప తట్టుకుని తూలింది. నేను పట్టుకోబోతే, "నీకు భయమెక్కువ బిడ్డా" అని, బయట మనుమడి భుజం పట్టుకుని పోయింది.

పెట్టెలు అప్పగించి తెల్లవారి ఇల్లు చేరిన తరువాత మా ఆవిడతో చెబితే, "మూడు నెలలేగా, పంపించి ఉండవలసింది" అంది. ఆ మాటకు నేనింకా సమాధానం వెదుకుతూనే ఉన్నాను.

మొన్న చాయ్ కొట్టు దగ్గర ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్ళాను. బడికి కొత్త రంగు వేశారు. వరండాలో పిల్లలు గోలీలాడుతున్నారు. కర్ర పట్టుకుని వచ్చే అవ్వ, మనుమడు అని ఆనవాళ్ళు చెబితే ఒక పిల్లవాడు నన్ను ట్రాక్టరు బాగుచేసే షెడ్డుకు తీసుకుపోయాడు. చేతులకు గ్రీసు పూసుకున్న యువకుడు బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ దినం నన్ను ఎల్లగొట్టింది మీరే గద సార్" అన్నాడు.

తలూపాను. కుర్చీ వేశాడు. అవ్వ ఆ మరుసటేడు పోయిందట. అదే ఆమె ఆఖరి ఓటు. 2018లో తనకు మొదటి ఓటు వచ్చిందనీ, ఆ రోజు అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాననీ చెప్పాడు.

నా మీద కోపం ఉందా అని అడగాలనుకుని, మరొకటి అడిగాను. "రెండో మీట ఎవరిదో మీకేమైనా చెప్పిందా?"

"నేను గూడ అడిగిన సార్. ఇంటి దాకా అడుక్కుంట పోయిన" అన్నాడు నవ్వుతూ. "నీకెందుకురా, నీకు ఓటొచ్చినంక నువ్వు చెప్తవా నాకు, అన్నది."

చాయ్ తెప్పిస్తానన్నాడు. బండికి వేళయింది, ఆటో అతను హారన్ కొడుతున్నాడు.