శాలిబండలో పచ్చి కాఫీ గింజలు

చార్మినార్ పక్కనున్న నిజామియా టిబ్బీ దవాఖానా దాటి దక్షిణంగా నడిస్తే కాసేపటికే శాలిబండ. హలీం కోసం, ఇరానీ చాయ్ కోసం జనం వచ్చే ఈ వీధికి నేను కాఫీ కోసం వచ్చాను. తాగడానికి కాదు, కాఫీని మందుగా చూసేవాళ్లను కలవడానికి.

యూనానీ మూలికల దుకాణం అది. జోషాందా కషాయంలో వేసే ఉన్నాబ్ పళ్లు, అతిమధురం వేళ్లు, బనఫ్షా పువ్వులు డబ్బాల నిండా ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర ఓ పెద్దాయన కూర్చున్నాడు.

"చాచా, వేయించని కాఫీ గింజలున్నాయా?"

"ఉన్నయ్ బేటా. బరువు తగ్గనీకి శానా మంది అడుగుతున్నరు."

ఆయన దించిన సీసా పక్కనే మెంతుల సీసా ఉంది. ఆ రెండింటికీ రసాయనంలో ఓ చుట్టరికం ఉంది. ట్రైగోనెలిన్ అనే పదార్థాన్ని 1885లో మొదట మెంతుల నుంచే వేరుచేశారు. పచ్చి కాఫీ గింజలో కూడా అది దండిగా ఉంటుంది. వేయించినప్పుడు కొంత నశించి, కొంత నియాసిన్‌గా, అంటే బి3 విటమిన్‌గా మారుతుంది. వయసుతో పాటు కండలు సడలిపోవడంలో ట్రైగోనెలిన్ పాత్ర ఏమిటో చూపిన పరిశోధన 2024లో వెలువడింది. పురుగుల్లో, ఎలుకల్లో ఫలితం బాగుంది. మనుషుల సంగతి ఇంకా తేలాలి.

యూనానీ లెక్కన కాఫీ గింజ మిజాజ్, అంటే గుణం, ఏమిటని అడిగాను. "ఖుష్క్. అందుల తకరార్ లేదు. గరమా, సర్దా అన్నకాడనే హకీములకు పడదు," అన్నాడు చాచా. వేడా చలువా అన్న ఆ తగువు చాలా పాతది. 1511లో మక్కాలో కాఫీని నిషేధించినప్పుడు అది చలువ, పొడి గుణం గలదని, ఒంటికి చెరుపని ఇద్దరు హకీములు సాక్ష్యం చెప్పారు. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు.

ఇంతలో ఒకావిడ వచ్చి, ఈ గింజల పొడి తాగితే షుగర్ గోలీలు మానెయ్యొచ్చా అని అడిగింది. "మానకమ్మా. ముందు డాక్టర్ సాబ్‌ను అడుగు," అని చాచా ఆమెను పంపేశాడు. అమ్ముకునే మనిషి నోట ఆ మాట విని నాకు ఆయన మీద గౌరవం కలిగింది. పచ్చి కాఫీతో బరువు తగ్గుతుందన్న ప్రచారానికి ఊపిరి పోసినది బెంగళూరులో 16 మంది మీద చేసిన ఒక పరీక్ష. 2012లో అచ్చయిన ఆ పత్రాన్ని, అందులోని లెక్కలను నమ్మడానికి వీల్లేదని తేలాక, 2014లో రచయితలే వెనక్కి తీసుకున్నారు. గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం మీద పని జరగాల్సిందే, కానీ పదార్థం దొరికినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు.

పదార్థం నుంచి మందు దాకా ఉన్న ఆ దూరాన్ని నిజంగా దాటినది కెఫీన్. 1819లో జర్మనీలో రుంగే అనే శాస్త్రవేత్త దాన్ని గింజల నుంచి వేరుచేశాడు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంటుంది. అలాంటి పిల్లలకు ఇప్పుడు కెఫీన్ సిట్రేట్ ఇస్తున్నారు. 1,250 గ్రాముల లోపు బరువుతో పుట్టిన 2,006 మంది శిశువుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2006 నుంచి వెలువడ్డాయి. ఊపిరితిత్తుల జబ్బు తగ్గింది, ఏడాదిన్నర దాటాక చూస్తే ఎదుగుదలలో లోపాలు కూడా తగ్గాయి. కాఫీ గింజ మనుషులకు చేసిన మేళ్లలో నా లెక్కన ఇదే పెద్దది.

ఇక నా దిగులంతా కాఫీ ఆకు గురించే. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో అరాబికా తోటలున్నాయి. కొమ్మ కత్తిరిస్తే ఆకు నేలపాలే. మామిడాకులో ఉండే మాంజిఫెరిన్ అరాబికా లేత ఆకుల్లోనూ ఉందని 2012లో శాస్త్రవేత్తలు చెప్పారు. కాఫీ ఆకు కషాయాన్ని ఆహారంగా అమ్ముకోవచ్చని 2020లో ఐరోపా సమాఖ్య అనుమతించింది. తోటలు మనవే. రసాయన పరిశోధనకు తార్నాకలో ఐఐసీటీ ఉంది, యూనానీకి ఎర్రగడ్డలో కేంద్ర సంస్థ ఉంది. ఈ ఆకును అందరూ కలిసి పట్టించుకోవాలి.

లేచే ముందు, యెమెన్‌లో అల్లం వేసి కాచుకునే కాఫీ పొట్టు గురించి అడిగాను.

"ఖిష్రా? నా దగ్గర లేదు బేటా. బార్కస్ బస్తీల అడుగు. వాళ్ల తాతలు యెమెన్‌కెల్లి వచ్చినోళ్లే. ఏ నొప్పికి తాగుతరో కూడ అడుగు, నాకు వచ్చి చెప్పు."